స్ట్రట్ మీది గీత

విమానం ముందుచక్రం పైన కుదుపును ఆపే ఆయిలు, గ్యాసు నిండిన గొట్టం, స్ట్రట్, నిన్న కొత్త రబ్బరు సీళ్ళు వేసినా పొద్దున్నే మళ్ళీ కారింది. చక్రం పక్కన నేలమీద ఎర్రటి ఆయిలు మడుగు కట్టింది. మెకానిక్ దాన్ని వేలితో తాకి చూశాడు.

"ఆయిలు నింపి గ్యాసు కొట్టెయ్ బావా. ఒక్కసారి దిగేదాకా ఆగితే చాలు," అన్నాడు పైలట్. అతను మెకానిక్ భార్యకు తమ్ముడు. కొండల అవతల ఆసుపత్రిలో వాళ్ళమ్మ ఈ పూటో రేపో అన్నట్టుంది. అక్క అక్కడే కనిపెట్టుకుని ఉంది. గాలిలో గంట దారి, రోడ్డు మీదైతే పగలంతా పడుతుంది.

"మీ అమ్మ నాకు పరాయిదా?" అంటూ మెకానిక్ విమానం ముక్కును జాకీ మీద లేపాడు. స్ట్రట్‌లోంచి అద్దంలాంటి కడ్డీ కిందికి జారింది. దానిమీద గోరు నడిపాడు. ఒకచోట గోరు తట్టుకుంది. వెంట్రుకవాసి గీత.

"ఇదే సీలును కోసేస్తోంది. ఎన్ని కొత్తవి వేసినా ఇంతే."

"గీత ఎలా పడింది?"

మెకానిక్ భుజంమీది గుడ్డ దులిపాడు. ఇసుక రాలింది. ఆయిలులో తడిపి తుడవాల్సిన కడ్డీని రోజూ ఈ పొడిగుడ్డతోనే, దేవుడి పటం తుడిచినంత శ్రద్ధగా మెరిపించాడు. కారిన చెమ్మ కూడా ఆ తుడుపులోనే పోయింది, ఎవరి కంటా పడకుండా.

"నేనే గీశానురా."

"తుడిచి తుడిచి కొంప ముంచావు కదా బావా."

"దిగేటప్పుడు ఆయిలు పోతే ముక్కు కూలబడుతుంది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది. నేను పంపను."

పైలట్ కారు తాళాలు తీసుకున్నాడు.

దారి పొడుగునా మెకానిక్ మనసులో ఒకటే ప్రశ్న: స్వామీ, శ్రద్ధగా చేసిన పని కూడా ఇలా కీడవుతుందా? జవాబు వస్తుందని అతను అనుకోలేదు. అయినా అడగడం మానలేదు.

పొద్దువాలాక ఆసుపత్రి మెట్లమీద అక్క కనిపించింది. ఆమె ముఖం చూడగానే అమ్మ పోయిందని ఇద్దరికీ అర్థమైంది.

"మధ్యాహ్నం దాకా మీరు ఎక్కడని అడుగుతూనే ఉంది. విమానంలో రాలేకపోయారా?"

మెకానిక్ నోరు తెరిచేలోపు పైలట్ అందుకున్నాడు.

"నేనే వద్దన్నానక్కా. చక్రం బాగాలేదు."

మెకానిక్ ఆ అబద్ధాన్ని దిద్దలేదు. ఆమె తమ్ముణ్ణి చూసింది, భర్తను చూసింది.

"రండి," అంది. "అమ్మ దగ్గర ఎవరూ లేరు."