కుట్టుమిషన్ పెడలుతో రాజమండ్రి దాకా

మా ఆయన బెంజమిన్ ఇప్పటిదాకా విమానాన్ని ముప్ఫై ఏడుసార్లు పడగొట్టాడు. అన్నీ మా ముందుగదిలోనే. ఆయన్ని అడిగితే పది, పన్నెండు అంటాడు. లెక్కపెట్టింది నేను.

సారపాక కాగితం మిల్లు కర్రల యార్డులో ఇరవై ఆరేళ్లు దుంగలెత్తే లోడర్ నడిపిన మనిషి. మే నెలలో రిటైరయ్యాడు. మొదటి నెలంతా వాకిట్లో మంచం వేసుకుని, యూకలిప్టస్ లారీలు పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. మాట లేదు, మంచి లేదు. అన్నం పెడితే కంచాన్ని స్టీరింగులా తిప్పేవాడు. ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే మా అమ్మాయి జెస్సికా ఆ అవతారం చూసి, తన పాత కంప్యూటర్ తెచ్చి అందులో విమానం నడిపే ఆట పెట్టి వెళ్లింది.

"ఆట అనకు. సిమ్యులేటర్ అంటరు దీన్ని," అన్నాడు రెండో రోజు. మూడో రోజుకే బటన్ల మీద కోపం వచ్చింది. "మీటలు లేకుంట గిట్ల బటన్లు ఒత్తుకుంట కూసుంటే బండి నడిపినట్టెట్ల ఉంటది?"

అక్కడినుంచి నా ఇల్లు నాది కాకుండా పోయింది. పాత జీపు సీటు ఒకటి ముందుగదిలోకొచ్చింది. యూకలిప్టస్ కర్రకు స్కూటర్ హ్యాండిల్ తొడుగు ఎక్కించి దాని ముందు నిలబెట్టాడు. ఇనుప సామాన్ల కొట్టునుంచి ఒక పాత మీట తెచ్చి ఇంజన్ వేగం పెంచడానికి బిగించాడు. ప్రతి మీట కిందా, పాత రేడియోల్లోంచి పీకిన, సౌండు పెంచే బిరడా ఒకటి. మీట కదిలితే బిరడా తిరుగుతుంది, ఎంత తిరిగిందో వైరు గుండా కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఇంత వివరం నాకెలా తెలుసంటే, అన్నం తిన్నంతసేపూ అదే చెప్పేవాడు. ఒకరోజు నా అట్లకాడ కనబడలేదు. ఇల్లంతా వెతికితే, దిగేటప్పుడు వేగం తగ్గించే రెక్కల ఫ్లాపులు దించే పిడిగా దొరికింది.

నేను గట్టిగా నిలబడింది ఒక్క పెడలు దగ్గరే. నా కుట్టుమిషన్‌కు నిరుడు మోటారు పెట్టించాను. కింద పెడలు ఊరికే ఉంది. ఆయన కన్ను దాని మీద పడింది.

"అది మా అమ్మది. కారేపల్లిల ఆ పెడలు తొక్కే నన్ను సదివిచ్చింది. ముట్టుకుంటే ఊరుకోను," అన్నాను.

ఆ మాటతో ఊరుకుని, పాత బండి పెడళ్లు రెండు తెచ్చి స్ప్రింగులతో బిగించాడు. ఎడమది తొక్కితే విమానం ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి.

ఆయన అనుకున్న ప్రయాణం పెద్దదేం కాదు. గన్నవరంలో లేవాలి, భద్రాచలం మీదుగా వచ్చి, గోదావరి వెంట వెళ్లి రాజమండ్రిలో దిగాలి. లేవడం వచ్చింది, నది వెంట పోవడం వచ్చింది. దిగడమే రాలేదు. చక్రాలు నేలకు తగిలాక విమానం ఎడమకు లాగేసి, గడ్డిలో బోర్లా పడేది. "ఎడమ స్ప్రింగు మంచిగ లేదు," అనేవాడు. మూడు స్ప్రింగులు మార్చాడు. మూడూ మంచివి కావట.

ఈలోగా అక్టోబరు వచ్చింది. మా కథోలికులకు అది జపమాల నెల, రోజూ పూసలు తిప్పుతూ ప్రార్థన చెప్పే నెల. ఆ నెలంతా మరియమాత స్వరూపం, అంటే విగ్రహం, మా పేటలో ఇంటింటికీ తిరుగుతుంది. వచ్చిన ఇంట్లో ఒక రాత్రి ఉంటుంది. ఆ ఇంటి పెద్ద తమకున్న కష్టమేదో పైకి చెబితే, అందరూ దానికోసం జపమాల చెబుతారు. నిరుడు మా ఆయన లేచి నిలబడి, "మాకేం లేదు, అంత మంచిగనే ఉన్నది," అని కూర్చున్నాడు. ఈసారి మా వంతు శుక్రవారం. ముప్ఫై మంది కూర్చోవాల్సిన గదిలో విమానం కూర్చుంది.

"శుక్రవారం లోపల విమానం దింపితే దింపు. లేకుంటే కట్టెల షెడ్డుల పడేస్త," అన్నాను. అన్నాక నాకే భయమేసింది. అది షెడ్డులోకి పోతే మా ఆయన తిరిగి వాకిట్లో మంచం మీదికి పోతాడు. ఆ మూగ నెల మళ్లీ చూడటం నా వల్ల కాదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

బుధవారం పొద్దున నేను జాకెట్లు కుడుతున్నాను. ఆయన స్ప్రింగు బాగుచేయడానికి షెడ్డుకెళ్లి సుత్తి తీసుకుని కంకర మీదుగా తిరిగొచ్చాడు. గచ్చు మీద ఒక కాలి గుర్తే ఎర్రగా పడుతోంది.

"ఎడమ కాలి చెప్పు ఏది?" అన్నాను.

"కాలికున్నది గదా," అని కిందికి చూశాడు. చెప్పు పెడలు దగ్గరే ఉంది. పాదంలో కంకర రాయి గుచ్చుకుని ఉంది. ఆయన ఆ రాయిని ఎవరి కాలిలోదో అన్నట్టు చూశాడు.

"ఎన్నొద్దులాయె గిట్ల?"

సుత్తి కింద పెట్టి జీపు సీటు మీద కూర్చున్నాడు. "రిటైరయినంక మొదలయింది. షుగరు గదా. కాలికి దూది చుట్టినట్టుంటది. తొక్కిన్నో లేదో తెల్వది. తెల్వక ఇంక గట్టిగ తొక్కుత."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే దవాఖానకు తీస్కపోతవ్. ఆళ్లు కాలు తీసేస్తమంటే?"

తిట్టాను, ఏడ్చాను, ఏడుస్తూనే రాయి తీసి కట్టు కట్టాను. కట్టు కడుతూ కింద కూర్చున్నప్పుడు అమ్మ పెడలు నా ఎదురుగా ఉంది. ఒకటే పలక. మునివేళ్లు నొక్కితే ముందుకు వాలుతుంది, మడమ నొక్కితే వెనక్కి వాలుతుంది. ముప్ఫై ఏళ్లు దాన్ని కుడికాలితోనే తొక్కాను.

"వేళ్లు ఒత్తితే కుడికి, మడమ ఒత్తితే ఎడమకు మలిగేటట్టు చెయ్యొస్తదా? ఒక్క కుడికాలు సాలుతది," అన్నాను.

ఆయన పలకను చేత్తో ఊపి చూశాడు. "ఒక్క బిరడాతో అయితది. కని మీ అమ్మది గదనే."

"అమ్మదే. అందుకే విరగదు. సోమవారం దవాఖానకు వస్తనంటే తీస్కో."

"వస్త," అన్నాడు, నేల చూస్తూ.

పెడలు బిగించడం ఒక్క పూట పని, తొక్కడం నేర్పడం రెండు రోజుల పని. ఆయనది లోడర్ బ్రేకు తొక్కిన కాలు. "జాకెట్టు మెడ తిప్పుతున్నమనుకో, మెల్లగ," అని పక్కన కూర్చుని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ముప్ఫై ఏడో పతనం శుక్రవారం మధ్యాహ్నం జరిగింది.

సాయంత్రం ఆయన గోదావరి మీద ఉండగా, అనుకున్న దానికంటే ముందే వాకిట్లో పాట వినిపించింది. జపమాల బృందం పెద్ద సవరమ్మక్క స్వరూపాన్ని చేతుల్లో పట్టుకుని గడప దగ్గర ఆగింది.

"ఏంది తమ్ముడూ, మాతను బయట నిలబెడ్తవా?"

"అక్కా, గాల్లో ఉన్న. రెండు నిమిషాలు," అన్నాడు ఆయన తల తిప్పకుండా.

సవరమ్మక్క ఏమనుకుందో ఏమో, స్వరూపాన్ని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. మిగతావాళ్లు కిటికీలో, గుమ్మంలో నిలబడ్డారు. ఆయన అట్లకాడ దించాడు. చక్రాలు నేలకు తగిలాయి. కంగారులో మడమ ఒత్తుకుపోయి, విమానం మళ్లీ ఎడమకు లాగింది.

"వేళ్లు," అన్నాను. కుడికి వచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది. "మడమ. ఊఁ, గంతే."

రన్‌వే నడిగీత మీదికొచ్చి, మెల్లగా పరుగు తగ్గి, ఆగింది.

"దిగినట్టేనా?" అంది సవరమ్మక్క.

"దిగినం అక్కా."

అప్పుడిక జీపు సీటు బయటికి మోసే తీరిక ఎవరికీ లేదు. నా కుట్టుమిషన్ బల్ల మీద కొత్త గుడ్డ పరిచి స్వరూపాన్ని అక్కడే పెట్టాం. కొవ్వొత్తులు వెలిగించాం. విమానం చుట్టూ ఎక్కడ చోటుంటే అక్కడ ముప్ఫై మందీ సర్దుకున్నారు.

"ఈ ఇంటి మనవి ఏంది తమ్ముడూ?" అని అడిగింది సవరమ్మక్క.

నేను ఆయన ముఖం వైపు చూశాను. అంతా మంచిగనే ఉన్నదని మళ్లీ కూర్చుంటాడేమోనని.

బెంజమిన్ జీపు సీటు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నా ఎడమ కాలికి తెలివి లేదు. ఇన్నొద్దులు ఎవ్వలికి చెప్పలె. సోమవారం దవాఖానకు పోతున్న. భయమయితున్నది. దానికోసం చెప్పుండ్రి."

సవరమ్మక్క జపమాల తీసి, "తమ్ముడి ఎడమ కాలు కోసం," అని మొదలుపెట్టింది. నేను ఆయన పక్కన మోకరించాను. మధ్యలో కళ్లు తెరిచి చూస్తే, ఆయన ఒంగి ఎడమ కాలికి చెప్పు ఉందో లేదో చూసుకుంటున్నాడు.