బూట్లతో దేవుడి గదిలోకి

నిప్పు ఆరిపోయాక ఫైరింజన్ రావడం నేనెక్కడా వినలేదు. గారెల నూనె అంటుకుంది, నిజమే. బాణలి మీద మూత పెట్టి, స్టవ్ కట్టేశాను. మంట చచ్చింది. బేస్‌మెంట్ గోడకు కాస్త మసి పట్టింది, అంతే.

వాసన కార్పెట్లకు పట్టకుండా న్యూజెర్సీలో మనవాళ్లు చాలామంది చేసినట్టే మేమూ బేస్‌మెంట్‌లో రెండో పొయ్యి పెట్టుకున్నాం. 1981లో చవగ్గా వచ్చిందని కొన్న పాత చెక్క ఇల్లు మాది. మూడంతస్తులు, అడుగడుక్కీ తలుపులు. పై అంతస్తులో మా అత్తయ్య శేషమ్మగారి దేవుడి గది. కింద పోపు వేస్తే వంటింటికన్నా ముందు తన గదిలో ఘాటు వస్తోందని ఆవిడ రోజూ గొడవ. మా ఆయన శ్యామ్‌సుందర్ నవ్వేసేవారు. నాకైతే చిరాకు.

చేతులు తుడుచుకుంటూ బయటికొస్తే వాకిట్లో రెండు ఎర్ర బండ్లు. ఎదురింటావిడ ఫోన్ చేసిందట. "అయిపోయింది, సారీ, మూత పెట్టేశాను" అని కెప్టెన్‌కి చెప్పాను. అతను నా మొహం చూడలేదు, ఇంటి కప్పు చూస్తున్నాడు. నేనూ చూశాను. చూరు కింద నుంచి పొగ!

నిప్పు బేస్‌మెంట్‌లో. పొగ చూరులో. మధ్య రెండంతస్తుల్లో ఏమీ లేదు. పైన ఇంకో నిప్పు ఎవరు పెట్టారు? "పైన మా అత్తయ్య ఉన్నారు!" అని అరిచాను. ఇద్దరు పైకి పరుగెత్తారు.

కెప్టెన్ డైనింగ్ రూములో గ్లోవ్ తీసి, జ్వరం చూసినట్టు గోడలు తడిమాడు. ఒకచోట ఆగి తలూపాడు. అతని మనిషి గొడ్డలెత్తి, నిన్నగాక మొన్న నేను రంగు వేయించిన గోడని బద్దలు కొట్టాడు.

"కింద అంటుకుంటే ఇక్కడ కొడతారేంటి? మతి ఉందా?" అన్నాను.

కన్నంలోంచి నిప్పురవ్వలు పైకి ఎగిరిపోతూ కనిపించాయి.

"ఆ కాలం చెక్క ఇళ్ల గోడలు కింది నుంచి కప్పు దాకా బోలు. మధ్యలో అడ్డేమీ ఉండదు, కింది నిప్పు లోపల్లోపలే పైకి పాకుతుంది" అన్నాడతను. కొందరు బేస్‌మెంట్‌లోంచి ఆ బోలులోకి నీళ్లు కొడుతున్నారు. కొందరు నిచ్చెనేసి కప్పు కోస్తున్నారు. ఇల్లు కాపాడుతున్నారో కూలగొడుతున్నారో తెలియలేదు.

నన్ను బయటికి లాక్కొచ్చారు. కెప్టెన్ రేడియోలో పైకెళ్లినవాళ్ల మాట వినిపించింది. మెట్లంతా పొగ, ఏ తలుపో తెలియట్లేదు, పిలిస్తే ఎవరూ పలకట్లేదు.

"పలకరు! ఆవిడ జపంలో ఉన్నారు" అన్నాను.

"చెవుడా?"

"కాదు. ప్రేయింగ్! నో టాకింగ్!"

"ప్రాణం మీదికొస్తే కూడానా?"

"ప్రాణం మీదికొచ్చిందని ఆవిడకి తెలియదుగా!"

అతనికి అర్థం కాలేదు. కప్పు నిలిచేలా లేదని, తన వాళ్లని వెనక్కి రమ్మంటున్నాడు. నిప్పని అరిచాను, పొగని అరిచాను, కిటికీ కదల్లేదు. జపంలో ఉంటే ఫోన్ మోగినా, తలుపు కొట్టినా కదలని మనిషి. దేనికి కదులుతారు?

"అత్తయ్యా! మగాళ్లు బూట్లతో మీ దేవుడి గదిలోకి వస్తున్నారు!"

కిటికీ ధడాలున తెరుచుకుంది. "ఎవడ్రా అది? ముందు బూట్లు విప్పమనవే!"

ఇంత గొంతు ఆవిడకుందని నాకప్పుడే తెలిసింది. మెట్ల మీదివాళ్లు ఆ గొంతు పట్టుకుని తలుపు దొరికించుకున్నారు. ఆవిడ తిడుతూనే ఉన్నారు. భుజాన వేసుకుని దించారు.

గదిలో పొగ లేదట. పోపు ఘాటు రాకుండా గోడ వారన ఉన్న సందులో పాత చీర కుక్కి, తలుపు బిగించుకుని కూర్చున్నారు. అందుకే బతికారు. అందుకే ఏమీ తెలియలేదు కూడా.

కాసేపటికి కప్పు సగం కూలింది. పచ్చికలో మడిచీరతో నిలబడి ఆవిడ అటే చూశారు. "పోపు నా గదిలోకి వస్తోందని మొత్తుకున్నానా?" అన్నారు.

"మొత్తుకున్నారు, అత్తయ్యా."

మడిలో ఉంటే నన్ను ఆమడ దూరం నిలబెట్టే మనిషి. తగలకూడదని నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడే వెతికి ఒకటి పట్టుకున్నారు. బండ్లు వెళ్లిపోయాక కూడా వదల్లేదు.