బొటనవేలు ఎవరిది?

నేను వియత్నాం వెళ్లి వచ్చి వారమైంది. అక్కడ ఏం చూశావు, ఏం తిన్నావు అని మా చిలకలగూడలో ఇప్పటిదాకా ఒక్క ప్రాణి అడగలేదు. అందరూ అడిగింది ఒకటే మాట: ఫోటో ఎవరు తీసిండ్రు?

ఒంటరి ఆడది పరాయి దేశంలో నిలబడి నవ్వితే మనవాళ్ల కళ్లు ఆమె నవ్వు మీద పడవు, వెనకున్న చెరువు మీదా పడవు. ఎదురుగా ఫోన్ పట్టుకున్నది ఎవడా అని ఫోటోలో లేని మనిషి కోసం వెతుకుతాయి.

ఇదంతా నా ఒక్కదాని గొడవైతే పోనీలే అనుకునేదాన్ని. మా అన్న వేణుమాధవ్ కూతురు సృజనకు జర్మనీలో చదువుకు సీటు వచ్చింది. వెళ్తుందో లేదో సోమవారంలోగా వాళ్లకు చెప్పాలి. మా అన్నకు కూతురంటే ప్రాణం, అందుకే ఊళ్లోనే ఉన్న అల్వాల్ దాటి ఒక్కదాన్ని పంపడు. నేను సెలవు పెట్టి హనోయ్‌కి టికెట్ కొనుక్కున్నానని తెలిసి, "మొదలు నువ్వు పొయ్యిరా యోగితా. నీకేం కాకుంటే దాని సంగతి చూద్దాం" అన్నాడు. నాకు ముప్పై తొమ్మిదేళ్లు, బ్యాంకులో ఆఫీసర్ని, పెళ్లి చేసుకోలేదు. కొత్త మందును ముందు ఎలుకకు వేసి చూస్తారు కదా, మా ఇంట్లో ఆ ఎలుకను నేనే.

హనోయ్‌లో చెరువు పక్కన సూప్ అమ్ముకునే ఒక ముసలామె ఉంది. నేను ఆ చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద సరిగ్గా కూర్చోకముందే, ఫోన్‌లో అనువాదం పెట్టి నీ వయసెంత అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చినా ఇదే గోలా అనుకుంటూ చెప్పాను. ఆమె నవ్వి, ఏదో పిలుపు పిలిచి, గిన్నె నా ముందు పెట్టింది. కూతురా అన్నదట. వాళ్ల భాషలో వయసు తెలియనిదే పిలుపు లేదు. అక్కో, చెల్లో, బిడ్డో తేలాకే మాట మొదలవుతుంది. మన దగ్గర వయసు అడిగేది పిలవడానికి కాదు, ఇంకా ఎందుకు కాలేదని నిలదీయడానికి.

పెళ్లయిందా అని ఆమె కూడా అడిగింది. లేదన్నాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపి, 'లేదు' అనకూడదు, 'ఇంకా లేదు' అనాలి అని ఫోన్‌లో చూపించింది. ఆ ఊళ్లో ఆ ప్రశ్నకు ఉట్టి 'లేదు' చెల్లదట. నాకు నవ్వొచ్చింది. నా ఫోన్ ఆమె చేతికిచ్చి ఒక ఫోటో తీయమన్నాను. చెరువు సగం పడింది, నేను మొత్తం పడ్డాను, కుడి మూలన ఆమె బొటనవేలు పడింది. బాగుంది కదా అని మా ఇంటి గ్రూపులో పెట్టాను. నా ఖర్మ.

ఆదివారం విచారణ. కాప్రా నుంచి సదాశివ చిన్నాయన బస్సెక్కి మరీ వచ్చాడు. ఆయన రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు బంధువులను తనిఖీ చేస్తుంటాడు. అన్న ఫోన్‌ను టీవీకి కలిపాడు. మా హాల్లో గుమ్మడికాయంత బొటనవేలు ప్రత్యక్షమైంది. సృజన తలుపు పక్కన నిలబడి గోళ్లు కొరుకుతోంది.

"గోరుకు రంగు లేదు. మగోనిదే" అని చిన్నాయన తీర్పు చెప్పాడు. "టికెట్ లేనోన్ని మొకం జూసి పట్టెటోన్ని, నాకు గీ వేలెంత?"

"నా గోళ్లకు సుత రంగు లేదు చిన్నాయనా."

"నీ ముచ్చట వేరే."

"అన్నా, సూప్ అమ్మే ముసలామె తీసింది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"సూప్ అమ్మే ముసల్దానికి ఫోటో తీసుడు ఎట్లొస్తది?" అన్నాడు అన్న.

"మన గల్లీల కొత్తిమీర అమ్మే ఆమె ఫోన్ల పైసలు తీసుకుంటలేదా?"

"గది వేరే ముచ్చట."

మా ఇంట్లో నేను చెప్పేవన్నీ వేరే ముచ్చట్లే. అన్న గొంతు తగ్గించాడు. "నిన్ను నేనేమంటలే యోగితా. పెద్దదానివి. గానీ నువ్వే గిట్ల దాస్తే రేపు ఇది ఏమేం దాస్తదో ఎవలకెరుక? బేటా, జర్మనీ వద్దని రాసెయ్."

సృజన కళ్లు నిండిపోయాయి. ఒక పుణ్యాత్మురాలి బొటనవేలు అడ్డం వచ్చి పిల్ల చదువు ఆగిపోతోంది.

అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ కమలాబాయి వచ్చింది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "ఆ ముసల్దానితోని నేను మాట్లాడిన" అంది.

"ఎప్పుడు?" అన్నాడు అన్న.

"పొద్దుగాల నువ్వు వాకింగుకు పోయినప్పుడు. వీడియోల."

"ఏ భాషల మాట్లాడినవే అమ్మా?"

"'తిన్నవా' అన్న. 'తిన్న' అన్నది. దానికి సుత మోకాళ్ల నొప్పులేనట. గంతదానికి భాషతోని ఏం పని?"

అమ్మ మాట అబద్ధమనే ధైర్యం మా అన్నకు లేదు. చిన్నాయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ టీవీ దగ్గరికి వెళ్లాడు. "వదిన చెప్పినంక జూస్తే ముడతలున్నయిరా. ఆడామెదే."

"సరే, పో బేటా" అన్నాడు అన్న చివరికి. "గానీ రోజూ ఫోటో పెట్టాలె."

"సెల్ఫీలే పెడ్త డాడీ" అంది సృజన.

నేను అమ్మ వెనకే వంటింట్లోకి పరుగెత్తాను. మా అమ్మకు వీడియో కాల్ ఎత్తడం కూడా రాదు. నన్ను నమ్మి నా కోసం అంత అబద్ధం ఆడింది. ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమె నా భుజం మీదుగా హాల్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇప్పుడు జెప్పు. ఎవలాయన?"

"ఎవలు?"

"గదే, వేలు. మంచోడేనా? మన కారం తింటడా?"

"అమ్మా, ముసలామెనే."

"నాతోని సుత దాస్తవా?"

"నీ మీద ఒట్టు. ఎవ్వరు లేరు."

అమ్మ మొహం చిన్నబోయింది. పొయ్యి వైపు తిరిగి, ఊరికే గరిటె తిప్పసాగింది. ఆ వేలు మగవాడిదేమోనని అన్న వారమంతా భయపడ్డాడు. మగవాడిదైతే బాగుండని అమ్మ వారమంతా ఆశపడింది. ముసలామెదని నమ్మినవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరు. నాకు కోపం రావాలి. ఆ వంగిన వీపు చూస్తే రాలేదు.

"ఇంకా లేరు" అన్నాను.

అమ్మ గరిటె ఆగింది.

"గట్ల జెప్పరాదు మరి" అని, నాకు అన్నం పెట్టడానికి కంచం తీసింది.