చూపించి తెచ్చే దుడ్డు

ఎసరు మరుగుతోంది. కృపమణి చేటలోని కొర్రబియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిట్టికుండలో వేసి, మిగిలినవి ఎసట్లో పోసింది. గడపలో కాళ్ళు చాపుకుని కూర్చున్న అత్త ఆ గింజల చప్పుడు చెవి ఒగ్గి వింటూనే ఉంది.

“దేముని కుండకైతే పిడికిలి పెద్దదైతాది నీకు. నా కొడుకు తట్టలోకి వచ్చేతలికి గరిటె చిన్నదైతాది.”

కృపమణి ఎసట్లో గరిటె తిప్పింది. బదులు పలికితే ఆ మాట మధ్యాహ్నానికి మూడు మాటలై, సాయంత్రం మొగుడు బడి నుంచి వచ్చేసరికి ఒక కథై కూర్చుంటుంది. అయినా ఈ పిడికెడు గింజలు ఆమె ఒక్కతే తీసేవి కావు. వేంపల్లెకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్ళో సంఘపు ఆడవాళ్ళందరూ పూటపూటా తీసేవే. శనివారం సాయంత్రం ఎవరి కుండ వాళ్ళు తెచ్చి విశ్వాసమ్మవ్వ ఇంట్లో గోనెలోకి ఒంపుతారు. సంతలో అమ్మగా వచ్చిన దుడ్డు అవ్వ దగ్గరే ఉంటుంది. ప్రార్థన గుడిలో మగవాళ్ళు కూర్చునే పక్క బేతంచెర్ల బండలు పరిచి శానా కాలమైంది. వాళ్ళ పక్క పని ముగిసేసరికి దుడ్డు అయిపోయిందన్నారు సంఘ పెద్దలు. ఆడవాళ్ళ పక్క ఇంకా అలికిన మట్టే. చీమలు పాకుతాయని చంటిబిడ్డలను ఒళ్ళోంచి దించకుండానే ప్రసంగమంతా వినాలి. మన పక్క బండలు మనమే పరుచుకుందామని అవ్వే మొదలుపెట్టింది.

ఆ దుడ్డంతా ఇప్పుడు కృపమణి పెట్టెలో, పాత చీరె కింద, ఒక గుడ్డసంచిలో ఉంది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆమె పోయి పెట్టె గడియ చూసి వస్తోంది.

కృపమణికి అమ్మా నాయనా లేరు. ఉన్నది ఒక్క చెల్లెలు, రాహేలు. నర్సు పని నేర్చుకుని రంగూన్లో ఒక ఆసుపత్రిలో చేరింది. అక్కడే పెండ్లి చేసుకుంది. వానల్లో జ్వరమొచ్చి మొగుడు పోయాడు. ఇప్పుడు తొలిచూలు, క్రిస్మసు నాటికి కాన్పు. ఈ నెలల్లో తాను ఓడెక్కి ఇటు వచ్చే వీలు లేదు. “అక్కా, ఈడ నాకు నీళ్ళు కాచి పోసేవాళ్ళు లేరు, నువ్వు రా” అని రాసి, వచ్చేదానికి ఓడ చార్జీ కూడా పంపింది.

చార్జీ ఉంటే చాలదని తర్వాత తెలిసింది. రంగూనుండే బర్మాకు ఈ సంవత్సరమే, 1941లో, కొత్త నిబంధన వచ్చింది. చుట్టపుచూపుగా పోయేవాళ్ళయినా సరే, అక్కడున్నన్నాళ్ళు తిండికీ, తిరిగి రావడానికీ సరిపడే సొమ్ము తమ దగ్గరున్నదని ముందే చూపాలి. చూపలేనివాళ్ళు అక్కడ కూలికో అడుక్కుతినడానికో నిలిచిపోతారని ఆ దేశంవాళ్ళ భయం. పులివెందుల కచేరీలో అధికారి కళ్ళారా చూసి రాస్తేనే పర్మిట్టు వస్తుందన్నారు.

కృపమణి మిషను బడిలో పంతులమ్మ. మొగుడు సుందరం అదే బడిలో పెద్ద పంతులు. నెలనెలా జీతాల పుస్తకంలో కృపమణి సంతకం పెడుతుంది. జీతం మాత్రం సుందరం చేతికి పోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి, చెల్లెలి ఉత్తరం వచ్చిన రోజు, ఆమె నోరు తెరిచి అడిగింది. “నీ జీతమా? యాడిదే? ఇన్ని దినాలూ నువ్వు తినింది గాలా?” అని నవ్వాడు. కోపంగా కాదు, నిజంగానే నవ్వొచ్చినట్లు నవ్వాడు.

ఆ సంగతి విని విశ్వాసమ్మవ్వ సంచి తెచ్చి ఒళ్ళో పెట్టింది. “దీనికి ఇంత ఏడుపెందుకు పంతులమ్మా? నా కమ్మలు ఎంతమంది పిల్లల చెవుల్లో పెండ్లిచూపులకు పోయి రాలే? సర్కారు చూస్తానంటాండాది. చూడనీ. చూసి రాసినాక, పొద్దు గుంకేలోపల మా దుడ్డు మాకు తెచ్చియ్యి.” ఆడవాళ్ళందరూ నవ్వారు. సొమ్ములు ఎరువు తెచ్చి చూపడం, మరునాడు తుడిచి తిరిగివ్వడం వాళ్ళకు ఇరుగుపొరుగు మర్యాద. అందులో అబద్ధముందని ఎవరికీ తోచలేదు. బైబిలు పాఠం చెప్పే కృపమణికీ తోచలేదు.

*

శనివారం పులివెందుల బస్సులో సంచి ఆమె ఒళ్ళో ఉంది. పైన కొంగు, కొంగు మీద రెండు చేతులు.

“ఆపీసరు రాసినాక ఆ సంచి నాకియ్యి,” అన్నాడు సుందరం కిటికీలోంచి బయటికి చూస్తూ.

“సాయంత్రం అవ్వకు ఇస్తామంటిమి గదా?”

“ఇస్తాంలే, యాడికి పోతాది? వేంపల్లెలో అంగడి జాగాకు బయానా ఇస్తానని మాటిచ్చినా. నువ్వు రంగూను పోయి వచ్చేలోపల సర్దేస్తా.”

“అది సంఘం ఆడోళ్ళది...”

“నేను సరే అంటేనే గదా నువ్వు ఓడెక్కేది?”

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించేది. “నిన్నెప్పుడన్నా కొట్టినానా?” అని నలుగురి ముందు అడిగి, వాళ్ళ చేత లేదనిపించుకునే మనిషి. కొట్టడు. అన్నం ముందు నుంచి లేచిపోతాడు, అంతే. ఆయన లేస్తే అత్త కూడా చెయ్యి కడిగేసుకుంటుంది. ఆ ఇంట్లో పొయ్యి మీద వండిన కుండ వండినట్లే ఉంటుంది. ముట్టుకుంటే మొగుడు తినకముందే తినిందంటారు, పారబోస్తే సంపాదించేవాడి కష్టం పారబోసిందంటారు. బడిలో ఆయన కుర్చీ ముందు నుంచి నడవలేక ఆమె వెనక వాకిలి గుండా తిరిగి పోతుంది. అట్లా ఎన్నాళ్ళని లెక్కుండదు. తప్పు నాదేనని ఆమె వచ్చి నిలబడేదాకా. ఏ తప్పో ఆమె చెప్పాలి, ఆయన చెప్పడు. పెండ్లయిన కొత్తలో ఇంత భయముండేది కాదు. భయం కూడా పేనులాంటిదే. ఒకటి తలలోకి ఎక్కిందంటే చాలు, తక్కినవి అక్కడే పుడతాయి. ఇప్పుడు ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆ రోజు తాను చేసిన పనులన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చి, ఏది తప్పయిందోనని వెతుక్కుంటుంది.

బస్సులోనూ అదే వెతుకులాట. సంచి ఇస్తే అవ్వ ముఖం ఎట్లా చూడాలి? ఇవ్వకపోతే రాహేలు ముఖం ఇంక చూస్తానా?

*

కచేరీలో అధికారి పెద్ద వయసువాడు. సంచి మేజా మీద ఒంపించాడు. నోట్లు కొన్నే, చిల్లరే ఎక్కువ. చిల్లరతో పాటు నాలుగు కొర్రగింజలు కూడా దొర్లాయి.

“ఇదేందప్పా, దేవుని హుండీ పగలగొట్టుకొని తెచ్చినారా?”

గుమాస్తాలు నవ్వారు. కృపమణి ఆ కొర్రగింజలు ఏరి గుప్పిట్లో దాచుకుంది.

“ఎవరివి ఈ దుడ్లు?”

“నావే సార్,” అన్నాడు సుందరం.

“అట్లయితే నువ్వు పూచీ రాయాల. ఆమె తిరిగొచ్చేదాకా దీన్ని ముట్టనని రాసి చేవ్రాలు పెట్టు. మద్రాసు రేవులో ఒకసారి చూస్తారు, రంగూన్లో దిగేటప్పుడు ఇంకోసారి చూస్తారు. ఆమె చేతిలో లేకుంటే వెనక్కి తోలుతారు, నీ మింద కేసయితాది.”

“ఈడ చూపిస్తే చాలనుకుంటిమి సార్...”

“సర్కారు పెండ్లిచూపులకు వచ్చిందనుకుంటివా, ఒక్కసారి చూసి పలహారం తినిపోయేదానికి?”

మళ్ళీ నవ్వులు. సుందరం చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నట్టుండి వినయంగా వంగాడు. “అట్లయితే ఆమెవే అని రాసుకోండి సార్. ఆమె కూడా నౌకరీ చేస్తాది.”

“ఆమె సొంతమైతే నీ పూచీతో పనిలేదు, నీ ఒప్పుదలతోనూ పనిలేదు. ఆమె చేవ్రాలు చాలు.” అధికారి కలం ఆమె వైపు జరిపాడు. “ఏమ్మా, నీవేనా?”

సుందరం ఆమె వైపు చూశాడు. ఊ అను, అన్నాయి కళ్ళు.

ఊ అంటే కాగితం వస్తుంది. మెట్లు దిగగానే ఆయన చెయ్యి చాపుతాడు, తాను సంచి ఇచ్చేస్తుంది. ఇవ్వకుండా ఉండగలనని ఆమెకు తన మీద నమ్మకం లేదు. మద్రాసు రేవులో వట్టి చేతులతో నిలబడితే, సొంతమని చేవ్రాలు పెట్టినదానివి నీవే కదా అంటారు. ఆ దొరల ముందు, తెలియని భాషలో, ఏమని చెప్పుకోవాలి? ఆయన అప్పటికి వేంపల్లెలో అంగడి జాగా కొలుచుకుంటూ ఉంటాడు. ఊళ్ళో ఆడవాళ్ళు మట్టిలో కూర్చుని, పంతులమ్మ మన దుడ్డు తీసుకొని సముద్రం దాటిపోయిందని చెప్పుకుంటూ ఉంటారు. కాదు అంటే ఇక్కడితో సరి. రంగూన్లో ఆ పిల్ల నొప్పులు పడుతూ వాకిలి వైపు చూస్తుంది.

రెండు వైపులా భయమే. ఏది చిన్నదో తేల్చుకునే లోపలే ఆమె నోరు తెరుచుకుంది.

“నావి కాదు సార్. ఈయనవీ కాదు. మా ఊరి ఆడోళ్ళవి. చూపించి తెమ్మనిరి.”

గదిలో ఎవరూ నవ్వలేదు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? ఇది చెల్లదమ్మా. సోమవారం దాకా నీ అర్జీ ఈడనే పెట్టిస్తా. నీ సొంతమని చెప్పుకొనేది ఏమన్నా తెచ్చుకుంటే చూస్తా.” ఆగి, గొంతు తగ్గించాడు. “అయినా ఆ పక్కకు యుద్ధం వస్తాదంటాండారు. ఇప్పుడు నీకెందుకమ్మా ఇదంతా?”

“నా చెల్లెలికి ఎవురూ లేరు సార్.”

నాణేలు సంచిలోకి ఎత్తుతుంటే రెండు కింద పడ్డాయి. వంగి తీసుకుంది. సుందరం అప్పటికే వాకిలి దాటాడు.

తిరుగు బస్సులో ఆయన పోయి ముందు వరసలో కూర్చున్నాడు. దిగాక ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండా అన్నాడు. “కచేరీలో నిలబెట్టి నా మర్యాద తీసినావు. నేనేమన్నా అంటినా? కొట్టినానా?”

ఆయన ఇంటి దారి పట్టాడు. ఆమె రెండడుగులు వెనకే వేసి ఆగింది. తర్వాత విశ్వాసమ్మవ్వ ఇంటి వైపు తిరిగింది.

*

అవ్వ ఇంట్లో ఆడవాళ్ళు గోనె చుట్టూ కూర్చుని గింజలు ఒంపుతున్నారు. కృపమణి సంచి అవ్వ ముందు పెట్టి, జరిగినదంతా చెప్పింది. మొగుడి అంగడి జాగా సంగతితో సహా. ఇంటి మాట వీధిలో చెప్పడం ఆమెకు అదే మొదలు.

“చూపిస్తే చూడరంటనా?” అంది ఒకామె. “సర్కారు కండ్లు పోను!”

“పోనీ బిడ్డా,” అంది అవ్వ సంచి మూతి బిగిస్తూ. “దుడ్డు పోలేదు, అదే పదివేలు. రాహేలు కోసరం అందరం ప్రార్థన చేద్దాం. నువ్వు ఇంటికి పో.”

కృపమణి లేవలేదు. ఈ మాట బస్సులోనే పుట్టింది. దారంతా దాన్ని నోట్లోనే నొక్కిపెట్టి తెచ్చింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో గానీ బడిలో గానీ గుడిలో గానీ, నాకియ్యండి అని ఆమె ఎవరినీ అడిగింది లేదు. బిడ్డల పలకలకు అడిగింది, అత్త కషాయానికి అడిగింది, దేవుని పనికి అడిగింది. తన కోసం అడగడానికి మాటలు ఎట్లా పేర్చాలో కూడా తెలియలేదు.

“అవ్వా, చూపించి తెచ్చేదానికి కాదు. ఆ దుడ్డు నాకే ఇచ్చేయండి.”

గింజల చప్పుడు ఆగింది.

“అప్పు కాదు. తిరిగిస్తానని చెప్పలేను. ఆ దేశంలో తిండికయితాది, తిరిగొచ్చే చార్జీకయితాది, బిడ్డ గుడ్డలకయితాది. మీరు ఇచ్చేస్తే నాదే అయితాది గదా. సోమవారం పోయి నాదేనని చేవ్రాలు పెడతా. అది అబద్ధం కాదు.”

“మరి బండలు?” అంది గోనె పట్టుకున్నామె, బిడ్డను ఒళ్ళో సర్దుకుంటూ.

“బండలుండవు. మట్టిలోనే కూచోవాల మీరు. నా వల్లనే.”

విశ్వాసమ్మవ్వ చెయ్యి సంచి మీదే ఉంది. అది అటూ జరగలేదు, ఇటూ జరగలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ ఉంది అవ్వ. ఒక్కొక్కరూ తమ తమ కుండల్లోకి చూసుకుంటున్నారు.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కృపమణి వీపు దానంతటదే వంగింది. సుందరం లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, నలుగురికీ వినబడేటట్లు, ఎంతో మెత్తగా పిలిచాడు.

“కృపమణీ, లేసి రా. అమ్మ నువ్వొచ్చేదాకా తిననని కూచోనుండాది.”

లేచి నిలబడడానికి ఆమె మోకాళ్ళు కదలనే కదిలాయి. రెండు అరచేతులూ నేలకు అదిమిపెట్టి, వాటిని ఆపుకుంది. వెనక్కి తిరగలేదు.

“ఇచ్చేటట్లయితే ఇప్పుడే ఇయ్యండవ్వా,” అంది. “రేపటికి నాకు మళ్ళా భయమైతాది.”