డ్యూటీలో పోయినవాడు

నూకరాజు పరంజా మీద నుంచి పడడం నీలవేణి చూసింది.

డిగ్రీ చదువుతున్న ఆమె అప్పుడు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎదుటి గోడ మీద హిందీలో ‘గుణవత్తా హమారా సంకల్ప్’ అని రాయిస్తున్నారు. నాణ్యతే మా సంకల్పం అని దానర్థం. పెయింటరు సుద్దతో అక్షరాలు గీసి వెళ్ళిపోయాడు. వాటిలో రంగు నింపే పని నూకరాజుకు చెప్పారు. నూకరాజు పెయింటరు కాడు. సిర్గిట్టి పేటలోని ఒక లేబర్ కాంట్రాక్టరు కింద కాలేజీలో పనిచేసే ప్యూను. గంట కొట్టడం, టాంకులో నీళ్ళు పట్టడం, తాళాలు తియ్యడం అతని పని. కాలేజీకి గ్రేడు ఇచ్చే టీం రాబోతోంది కాబట్టి ఆ రోజుల్లో అందరూ అన్ని పనులూ చేస్తున్నారు. అతని నడుముకు తాడు కట్టలేదు.

ముందు రంగు డబ్బా పడింది. వెనకాలే మనిషి పడ్డాడు.

నీలవేణి మెట్లు దిగి వచ్చేసరికి జనం మూగారు. నూకరాజు కళ్ళు తెరిచే ఉన్నాయి. వరండా ఊడుస్తున్న అతని భార్య అప్పయమ్మ చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

“ఆటో పిలవండి, ముందు గేటుకి తీసుకురండి” అని ఎవరో అరిచారు.

“ముందు గేటు వద్దు. అక్కడ ఫొటోలు తీస్తున్నారు. వెనక గేటు నుంచి తీసుకెళ్ళండి” అన్నాడు ద్వివేది సార్. కాలేజీలో గుణవత్తా సెల్ అని ఒకటుంది. గ్రేడు పనులన్నీ ఆ సెల్లువి. దానికి ఆయనే అధికారి.

వెనక గేటుకు తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి నూకరాజు జేబులోనే ఉంటుంది. ఆ సంగతి అప్పయమ్మకు గుర్తొచ్చి అతని జేబులో చెయ్యి పెట్టి తీసింది. ఆటో ఆసుపత్రికి చేరేలోగా అతని ప్రాణం పోయింది.

నీలవేణి ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి అతను పడిన చోట నీళ్ళు కొట్టి కడిగేశారు. మరక పూర్తిగా పోలేదు. దాని మీద పూలకుండీలు వరసగా పెట్టారు. గోడ మీద మిగిలిన అక్షరాలు మర్నాడు ఇంకో మనిషి చేత పూర్తి చేయించారు.

*

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనిషి పోయాడని తెలిస్తే తెలుగువాళ్ళు ముందు అడిగే మాట ఒకటుంది. డ్యూటీలోనా, కాదా? తాతలు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన రోజుల నుంచీ ఆ మాట అలాగే ఉంది. డ్యూటీలో పోయినవాడి ఇంటికి రైలింజన్ల షెడ్డు మొత్తం వస్తుంది. పై ఆఫీసరు సాహెబు కూడా వచ్చి తల వంచి నిలబడతాడు. డ్యూటీ బయట పోయినవాడికి చుట్టాలే దిక్కు.

నూకరాజు తండ్రి రైలు పట్టాలు చూసే గేంగ్‌మన్‌గా చేశాడు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు. కాంట్రాక్టు ఉద్యోగాన్ని కూడా నూకరాజు డ్యూటీ అనే అనేవాడు. ‘డ్యూటీకెల్తన్నాను’ అని చెప్పి ఇంట్లోంచి బయల్దేరేవాడు.

కాలేజీ పోలీసులకు వేరే మాట చెప్పింది. అతను బయటి మనిషి, పెళ్ళానికి అన్నం కేరేజీ ఇవ్వడానికి వచ్చాడు, సరదాకి పరంజా ఎక్కాడు. కాంట్రాక్టరు కూడా అదే చెప్పాడు. ఆ మాట అప్పయమ్మ కూడా చెప్తే ఆమె ఊడ్చే పని ఉంటుంది, లేకపోతే ఉండదన్నారు.

“నాకు మావోడు ఏనాడు కేరేజీ తెచ్చినాడే?” అంది అప్పయమ్మ. నీలవేణి వాళ్ళ క్వార్టరు అరుగు మీద కూచుని ఉంది. “ఇద్దరం ఒక్క గిన్నెలోనే కదా తినీవాళ్ళం. ఆ గిన్నె ఆలకి తెల్దేటి? రోజూ ఆల కళ్ళ ముందరే కదా ఇప్పీది.”

నీలవేణి తండ్రి పైడిరాజు లోకో షెడ్డులో ఫిట్టరు. అప్పయమ్మ అతన్ని అన్నా అంటుంది.

“నీకేటి కావాలి, అప్పయమ్మా? అది చెప్పు ముందు” అన్నాడు.

“డ్యూటీలో పోనాడని ఒక్క మాట, అన్నా. ఆలే చెప్పాల. నాకింకేటీ వద్దు.”

*

కాలేజీలో రిహార్సల్సు మొదలయ్యాయి. టీం అడగబోయే ప్రశ్నలు ద్వివేది సార్ అడుగుతున్నాడు. పిల్లలు జవాబులు చెప్తున్నారు. తాగే నీళ్ళు వస్తాయా? వస్తాయి సార్. ల్యాబులో అందరికీ మైక్రోస్కోపు ఉందా? ఉంది సార్. పక్క ఊరి కాలేజీ నుంచి తెచ్చిన మైక్రోస్కోపుల పెట్టెలు ఇంకా వరండాలోనే ఉన్నాయి. వాటి మీద ఆ కాలేజీ పేరు కనపడకుండా కాగితం అంటిస్తున్నారు.

వెనక బెంచీ నుంచి రాజేంద్ర లేచాడు. బిల్హా దగ్గరి పల్లెటూరి రైతు కొడుకు, మూడో సంవత్సరం. “సార్, మనిషి పడితే ఏం చేస్తారని అడిగితే?”

కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

“అది అడగరు. కూచో” అన్నాడు ద్వివేది సార్.

క్లాసు అయ్యాక ఆయన తెలుగు పిల్లల్ని పక్కకు పిలిచాడు. టీం చైర్మన్ రామమోహన్ గారు తెలుగాయన. గేటు దగ్గర తెలుగులో బేనరు ఉంటే ఆయన సంతోషిస్తారు.

“మీరంతా రైల్వే తెలుగు వాళ్ళే కదా. స్వాగతం అని, కాలేజీ గురించి ఒక మంచి మాట అని రాసి పట్టుకురండి.”

“సార్, మాకు మాట్లాడ్డమే వచ్చు. రాయడం రాదు” అంది నీలవేణి.

“ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటారుగా” అని ఆయన బట్టా రంగూ ఇచ్చి పంపాడు.

*

సాయంత్రం పైడిరాజు క్వార్టరు వెనక అందరూ చేరారు. తెలుగు పిల్లలతో పాటు రాజేంద్ర, అతని ఊరివాళ్ళు కూడా వచ్చారు. కాలేజీ ఊడ్చే ఆడవాళ్ళు గోడ పక్కన కూచున్నారు. మాట సగం తెలుగులో, సగం హిందీలో సాగింది.

“స్వాగతం రాయం. నూకరాజు మావ సంగతి రాద్దాం” అంది నీలవేణి. “ప్రిన్సిపాల్‌కి తెలుగు చదవడం రాదు. ద్వివేదికీ రాదు. చదివేది చైర్మనొక్కడే. మనవాడే కదా, అడుగుతాడు.”

శ్రీనిధి అడ్డు చెప్పింది. ఆమె తండ్రి బొగ్గు కంపెనీలో ఆఫీసరు. “గ్రేడు పడిపోతే మన డిగ్రీ గతేంటి? రేపు పీజీ సీటుకెళ్తే ఏ కాలేజీ అనే కదా చూస్తారు. నష్టం ప్రిన్సిపాల్‌కి కాదు, మనకే. నూకరాజు అంకుల్ సంగతి నాకూ బాధే.”

“నీకు బాధ, అచ్ఛా. మాకు బాకీ” అన్నాడు రాజేంద్ర. “దొంగ మైక్రోస్కోపులతో వచ్చిన గ్రేడుతో నువ్వు పీజీకి వెళ్తావు. మేం మళ్ళీ ఇలాంటి కాలేజీలోనే ప్యూన్లమవుతాం. రేపు ఆ పరంజా ఎక్కేది మేమే.”

“గ్రేడు రాకపోతే కాలేజీ మూసేస్తారటగా, పాపా? మా పనులు కూడా పోతాయేమో” అంది ఊడ్చే ఆడవాళ్ళలో ఒకామె.  

అప్పయమ్మ ఆమె వైపు తిరిగింది. “ఉన్న పని ఎలాటిదో చూసినావు కదా, చెల్లీ. సస్తే మనిషివే కాదంట. బయటిదానివంట.”

పైడిరాజు బట్ట నేల మీద పరిచాడు. “రాస్తాను. ఒక్క మాట మట్టుకు చెప్తన్నాను, పాపా. తెలుగోడైతే మనోడైపోడు. మా షెడ్డులో తెలుగు సాహెబులు ఎంతమంది రాలేదు? చార్జిషీటు ఇచ్చీటప్పుడు ఏ భాషైతే ఏటి?”

“ఈయన అలా కాదేమో, నాన్నా.”

“చూద్దాం.”

అతను సుద్దతో మొదటి మాట రాసి ఆగాడు. “పుస్తకాల్లో మరణించాడని రాస్తారు. అలా రాసీమంటావా, అప్పయమ్మా?”

“మావోడు మరణించలేదు, సచ్చిపోనాడు. అలగే రాయి.”

పైడిరాజు గీసిన అక్షరాల్లో పిల్లలు రంగు నింపారు. ఒక్కొక్కరికి ఒక అక్షరం వచ్చింది. ‘డ్యూ’ నీలవేణికి వచ్చింది. డ కింద య వత్తు ఎటు తిరగాలో తెలియక రెండుసార్లు తుడిచింది. రాజేంద్రకు ‘జు’ ఇచ్చారు. అతను అది ముగ్గులా ఉందన్నాడు. “ముగ్గు కాదెహె, మావోడి పేరు” అంది అప్పయమ్మ. అంతా అయ్యాక పైడిరాజు వేలు పెట్టి చూపిస్తూ చదివించాడు. తెలుగు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ చదివారు.

*

టీం వచ్చిన రోజు పొద్దున ద్వివేది సార్ బేనరు చూశాడు.

“అచ్ఛా, చాలా బాగుంది. ఇంత పొడుగ్గా ఏం రాశారు?”

“కాలేజీ గురించే సార్” అంది నీలవేణి.

కారు ఆగింది. రామమోహన్ గారు దిగారు. శ్రీనిధి హారతి పళ్ళెం పట్టుకుని ముందు వరసలో ఉంది. ప్రిన్సిపాల్ దండ వేసి ఆయన్ని బేనరు ముందుకు తీసుకొచ్చాడు. ఆయన తలెత్తి చదివారు. ‘నూకరాజు డ్యూటీలో సచ్చిపోనాడు. కాలేజీ ఒప్పుకోవాలి.’ చదువుతుంటే ఆయన పెదాలు కదలడం నీలవేణి చూసింది. చదివాక ఆయన ఆమె మొహం చూశారు. తర్వాత చూపు తిప్పుకుని పూలకుండీల వైపు చూశారు.

“మా పిల్లల తెలుగు ఎలా ఉంది సార్?” అని ప్రిన్సిపాల్ నవ్వుతూ అడిగాడు.

“వెరీ నైస్” అన్నారు రామమోహన్ గారు. చేతులు జోడించి లోపలికి అడుగు వేశారు.

నీలవేణి చేతిలో బేనరు కర్ర వదులైంది. అది చదవగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను వెళ్ళిపోతున్నాడు. గేటు లోపల కాలేజీ మొత్తం వరసల్లో నిలబడి ఉంది. బేనరు మీద ఏముందో వాళ్ళలో చాలామందికి తెలియదు. రాసిన భాషే తప్పని ఆమెకు అప్పుడు తెలిసింది.

“సార్, అది నైస్ కాదు” అని తెలుగులో అరిచింది. ఆయన ఆగలేదు. ఆమె వరసల వైపు తిరిగి హిందీలో అరిచింది. “ఇందులో ఏం రాసుందో వినండి! నూకరాజు డ్యూటీ పర్ మరా! నూకరాజు డ్యూటీ మీద ఉండగా చచ్చిపోయాడు! బయటి మనిషి కాదు! మన గంట కొట్టినవాడు!”

రాజేంద్ర ఆ మాట అందుకున్నాడు. వెనక వరసలు అందుకున్నాయి. “డ్యూటీ పర్ మరా!” అన్న మాట గోడలకు కొట్టుకుంది. ఊడ్చే ఆడవాళ్ళు వరండా దిగి వచ్చి కుండీలు ఒక్కొక్కటే పక్కకు జరిపారు. అప్పయమ్మ ఆ మరక పక్కన కూలబడింది. భర్త పోయాక కాలేజీలో ఆమె ఏడవడం అదే మొదటిసారి. అంతకు ముందు ఏడవనివ్వలేదు. శ్రీనిధి పళ్ళెం కింద పెట్టి, లైబ్రరీ వైపు వెళ్ళిపోయింది.

రామమోహన్ గారు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళారు. తలుపు మూశారు. పోలీసు వేను వచ్చింది.

*

ఠాణాలో నీలవేణినీ అప్పయమ్మనీ, అరిచిన పిల్లల్నీ వరండాలో నిలబెట్టారు. బేనరు కూడా పట్టుకొచ్చారు. ఠాణాలో రాతపని చూసే మున్షీ కాగితం తీశాడు. రెచ్చగొట్టే రాతలు ప్రదర్శించారన్నది కాలేజీ ఫిర్యాదు.

“ఏం రాశారు ఇందులో? చెప్పు, రాసుకోవాలి” అన్నాడు మున్షీ.

నీలవేణి వేలు పెట్టి చదివి హిందీలో చెప్పింది. మున్షీ రాస్తూ రాస్తూ ‘డ్యూటీ పర్’ దగ్గర ఆగాడు. ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి కాగితం చూశాడు. నూకరాజు బయటి మనిషని అంతకు ముందు రాసింది ఆ ఠాణాలోనే.

“ఇది కొట్టెయ్” అన్నాడు.

“కొట్టేస్తే కేసులో ఏం రాయమంటారు సాబ్? నేరం ఇదే కదా.”

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం లాక్కున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “కేసు లేదు ఏమీ లేదు. చదువుకునే పిల్లలు, భవిష్యత్తు పాడవుతుంది. ఇళ్ళకు వెళ్ళండి.”

ఎవరో హమ్మయ్య అన్నారు. ఒకరిద్దరు గేటు వైపు రెండడుగులు వేశారు. నీలవేణికి కూడా కాళ్ళు కదిలాయి. అప్పయమ్మ కదల్లేదు.

“ఏటే గుంటా, ఏటంటన్నాడు?”

“కేసు లేదంట, అత్తా. ఎల్లిపోమంటన్నాడు.”

“మరి రాసింది?”

“కొట్టేసినట్టే.”

అప్పయమ్మ వరండాలో నేల మీద కూచుంది. నీలవేణి ఆమె పక్కన కూచుంది. రాజేంద్ర కూచున్నాడు. గేటు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి వచ్చి కూచున్నారు. షెడ్డు డ్యూటీ దిగి మురికి బట్టలతోనే వచ్చిన పైడిరాజూ అతని తోటివాళ్ళూ గేటు బయట కూచున్నారు.

“వదిలేశాను కదా, వెళ్ళరేం?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“కేసు పెట్టండి సార్” అంది నీలవేణి.

“పిచ్చా మీకు? జైలుకి వెళ్తారు.”

అప్పయమ్మకు హిందీ బాగా రాదు. వచ్చిన నాలుగు మాటలూ తెలుగులో కలిపి, అతని జేబు వైపు చెయ్యి చాపి అంది.

“జేల్ మే వెయ్యి బాబూ, నన్నే ముందర వెయ్యి. ఎందుకేసినావో అది మట్టుకు రాయి.”