ఏడో నంబరు బండి

ఆమె మంచం మీద సంచి తెరిచి బట్టలు, తువ్వాలు, చార్జరు, తలనొప్పి మాత్రలు ఒక్కొక్కటే సర్దుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"రెండు రోజులకి మూడు జతలా అమ్మాయ్? పనికి వెళ్తున్నావా, కాపురానికి వెళ్తున్నావా?"

"ఒకటి తడిస్తే ఉంటుందని, అత్తయ్యా."

"ఏమో తల్లీ. మా రోజుల్లో ఆడది పొరుగూరు వెళ్తే పురిటికో చావుకో వెళ్ళేది. ఇప్పుడు కంప్యూటర్లకి కూడా పురుళ్ళు పోయాలి కాబోలు."

ఆమెకి నవ్వు రాలేదు. ఎనిమిదింపావు అయింది. బస్సు పది గంటలకి. తప్పు మాత్రం ఇంకా దొరకలేదు.

ఆమె కంపెనీ పక్క ఊరి అంబులెన్సుల కంట్రోల్ రూముకి ప్రోగ్రాం రాసిచ్చింది. అందులో ప్రతి బండీ ఒక ఆబ్జెక్టు, అంటే క్లాసు అనే అచ్చులోంచి తీసిన బొమ్మ. బండి డ్యూటీ ఎక్కితే ఆ బొమ్మకి మెమరీలో ఒక గది ఇస్తారు, దిగితే ఖాళీ చేయిస్తారు. సాయం కోసం వచ్చిన ప్రతి కాల్ దగ్గరా ఆ గది అడ్రసు రాసి ఉంటుంది. పది రోజులుగా ఆ ప్రోగ్రాం ఉన్నట్టుండి కుప్పకూలుతోంది. అనుమతి లేని మెమరీని తాకావు అని ఒక్క ముక్క కక్కి, తెర నల్లబడుతోంది. శుక్రవారం అలా ఆగినప్పుడు గుండెనొప్పితో ఒక పెద్దాయన నలభై నిమిషాలు తన ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. బతికాడు. ఇంకొకరు కూడా బతుకుతారని ఎవరు రాసిచ్చారు?

"అడ్రసు ఖాళీగా ఉంటే అటు వెళ్ళొద్దని ఒక లైను పడేయండి మేడమ్. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు టీమ్ లీడ్. పడేసింది. నిన్న మళ్ళీ ఆగింది. ఆగిన ప్రతిసారీ ఏడో నంబరు బండే, అదీ ఉదయం ఎనిమిదికి డ్యూటీ దిగాకే. కాల్స్ రద్దీగా ఉండే వేళ దిగేది అదొక్కటే. బండి దిగగానే, డ్యూటీలో ఉన్న బండ్లు రాసుకునే గ్యారేజీ జాబితాలో దాని అడ్రసు చెరిపేస్తున్నానే, మరి ఎవరు వెళ్తున్నారు ఆ గదికి?

"ఏమోయ్, తువ్వాలు!"

స్నానాల గదిలోంచి భర్త కేక. ఆమె పడకగదిలో ఉంది. కేక వంటింటివైపు వెళ్ళింది.

ఎప్పుడూ అంతే. ఆమె ఎక్కడుందో చూడరు, వంటింట్లోకి కేకేస్తారు. ఆపరేషన్ కోసం పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొస్తే భర్త పకపకా నవ్వుతూ చెప్పాడు. "మొదటిరోజు కాఫీ అని కేకేసి పావుగంట కూర్చున్నానోయ్. నువ్వు లేవన్న సంగతే గుర్తులేదు!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కుట్లు నొప్పి పెడుతుంటే.

చేతిలో తువ్వాలుతో అలాగే మంచం మీద కూర్చుండిపోయింది. అడ్రసు ఖాళీగా లేదు. నిక్షేపంగా ఉంది. గదిలోనే మనిషి లేదు. గ్యారేజీ జాబితాలో చెరిపింది గానీ, ప్రతి కాల్ దగ్గరా ఆ అడ్రసు నకలు ఉండిపోయింది. తను పెట్టిన లైను అడ్రసు రాసిన కాగితాన్ని చూస్తోంది తప్ప గదిలోకి తొంగి చూడటం లేదు. పైగా ఖాళీ చేసిన గదిలో పాత సామాను కొంతసేపు అలాగే పడి ఉంటుంది. అందుకే కొన్ని రోజులు బండి పలికినట్టే ఉండేది.

తువ్వాలు స్నానాల గది తలుపు గడియకి తగిలించి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఇక ఏ కాల్ కూడా అడ్రసు దాచుకోదు. బండి నంబరే ఉంచుకుంటుంది. ప్రతిసారీ రిజిస్టరుని, అంటే ఆ గ్యారేజీ జాబితానే, అడుగుతుంది, ఉందా అని. లేకపోతే లేదని రిజిస్టరే చెబుతుంది, ఇంకో బండిని వెతుక్కుంటారు. ముప్పై లైన్లు రాసింది. అక్కడి మిషనుకి ఇక్కడి నుంచి పంపడం కుదరదు. మనిషే వెళ్ళాలి.

ఫోను మోగింది. టీమ్ లీడ్.

"మేడమ్, జ్వరం ఎలా ఉంది?"

"ఎవరికి?"

"మీకే. పొద్దున్న సార్ ఫోను చేశారుగా, మీరు ప్రయాణం చేయలేరని. పర్లేదు, నేనే వెళ్ళి ఆ లైను ఇంకో నాలుగు చోట్ల పెట్టేసొస్తా."

"నాకే జ్వరమూ లేదు. తప్పు దొరికింది. నేనే వెళ్తున్నాను. మీరేమీ పెట్టకండి."

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. మొహంలో తడబాటు కూడా లేదు.

"నువ్వు చెప్పలేవని నేనే చెప్పేశానోయ్. నువ్వెళ్తే ఇల్లెలా గడుస్తుంది?"

"నన్ను అడిగారా?"

"అడిగితే కాదంటావుగా!"

పంతొమ్మిదేళ్ళుగా ఆమె తరఫున జవాబులన్నీ ఆయనే చెబుతున్నాడు. ప్రమోషన్ వద్దని ఆఫీసుకి ఆయనే చెప్పాడు. ఆమె అమ్మ ఆఖరిసారి ఫోను చేసినప్పుడూ, "పడుకుందండీ, లేపమంటారా?" అన్నది ఆయనే. వద్దులే బాబూ, నిద్రపోనీ అందట అమ్మ. ఆ వేళ ఆమె వంటింట్లో గిన్నెలు తోముతోంది. నీళ్ళ చప్పుడులో ఫోను వినపడలేదు. ఆ సంగతి అమ్మ పోయిన నెలకి తెలిసింది.

ఆమె లేచింది. బీరువా అడుగు అర లాగి సర్టిఫికెట్ల ఫైలు తీసింది. బ్యాంకు పుస్తకం, అమ్మ ఫోటో తీసింది. మూడూ సంచిలో పెడితే జిప్పు పడలేదు.

"రెండు రోజులకి ఫైలెందుకు?" అన్నాడు భర్త, చొక్కా గుండీ పెట్టుకుంటూ. జవాబు కోసం ఆగకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

అత్తగారు ఫైలు వైపు చూసింది. కోడలి మొహం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరువాత బీరువా దగ్గరికి వెళ్ళి ఇంకో రెండు జతలు తెచ్చి సంచి మీద పెట్టింది.

"నేను అదిమి పట్టుకుంటా. నువ్వు జిప్పు లాగు."

మర్నాడు ఉదయం ఎనిమిదికి ఆ ఊళ్ళో ఏడో నంబరు బండి డ్యూటీ దిగింది. ఒక కాల్ దాని కోసం అడిగింది. లేదంది రిజిస్టరు. తొమ్మిదో నంబరు బండి బయల్దేరింది. తెర వెలుగుతూనే ఉంది.

అదే వేళకి ఇక్కడ, స్నానాల గదిలోంచి కేక వంటింటివైపు వెళ్ళింది. "ఏమోయ్, తువ్వాలు!"

"లేదురా," అంది అత్తగారు.

కోడలు ఆ ఇంటికి తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకి.