ఇసుక మూట

ఆ ఉదయం నేను కుట్టిన ఇసుక మూట పిగిలింది. విమానం వెనక సీట్లోంచి ఇసుక జారి షెడ్డంతా పరుచుకుంది. "మూట కుట్టడం గూడ రాదు. ఏం నేర్పిందే మీయమ్మ నీకు?" అన్నాడు మా ఆయన. చీపురు తెచ్చి ఊడవసాగాను.

మా ఆయన చెంచురామయ్యకు అశ్వారావుపేటలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. యాక్సిడెంటైన మారుతి కారు ఇంజను ఒకటి కొని, దాంతో ఇద్దరు పట్టే చిన్న విమానం చేస్తానని మూడేళ్లు దాని చుట్టూ తిరిగాడు. ఆ ఇంజను వేగానికి ముక్కున తిరిగే పంకా విరిగిపోతుందని, పిండిమర బెల్టు తెచ్చి, ఒక చిన్న చక్రం, ఒక పెద్ద చక్రం బిగించి వేగం తగ్గించాడు. రెక్కల గుడ్డ నేనే కుట్టాను. విప్పిన సామాన్లన్నీ కిరసనాయిల్లో కడిగాను. ఉల్లిపాయల త్రాసులో ఒక్కో నట్టూ తూచి చెబితే ఆయన నోటుబుక్కులో రాసుకునేవాడు. "నీ పులుసుల కిరసనాయిలు కంపు కొడ్తందే," అనేది అత్తయ్య బుల్లెమ్మ. ఎన్ని విప్పేసినా కారు ఇంజను బరువే. ముక్కు నేలకు వంగకుండా వెనక సీట్లో ఆ మూట ఉండాలి.

ఊడ్చి నిలబడేసరికి ఆయన నా వైపే చూస్తున్నాడు. "రా సీతా, ఎక్కు," అన్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నా నడుముకు బెల్టు బిగించి, "కదలకు," అన్నాడు. కోతలైన మడిలోంచి లేచాం. రెండు నిమిషాలు. పామాయిలు మొక్కల వరుసలు కింద దువ్వెన పళ్లలా ఉన్నాయి. నాకేమన్నా అవుతుందని భయపడ్డాడు కాబోలు అనుకున్నాను. ఆ 'కదలకు' అన్న మాటను ఆరేళ్లు దాచుకున్నాను. తిట్టినప్పుడు, పళ్లెం విసిరినప్పుడు, ఆయన పోయాక అత్తయ్య నన్ను గొడ్డుమోతుదన్నప్పుడు, దాన్నే తీసి చూసుకున్నాను.

ఆయన కామెర్లతో పోయిన మూడేళ్లకు, వయోజనుల బడిలో నాకు అక్షరాలు వచ్చాయి. నిన్న మరిది వెంకటప్పయ్య ఆ నోటుబుక్కు తెచ్చిచ్చాడు. "రేపు షెడ్డు కాడ అన్న ఫొటో పెడ్తన్నం. ఎగిరిన దినం పేజీ నువ్వే చదవాలె వదినా."

"అది చదివేసరికి పొద్దుగూకుద్దిలే," అంది అత్తయ్య.

పొయ్యి మీద అన్నం పెట్టి, వేలు పెట్టుకుని చదివాను.

"వెనక మూట చినిగింది. బదులు ఇంటిదాన్ని కూర్చోబెట్టాను. 46 కిలోలు. సరిపోయింది. మూట కన్నా నయం, కదలలేదు."

నాకు ఒత్తులు ఇంకా సరిగ్గా రావు. తప్పు చదివానేమోనని కూడబలుక్కుని మళ్లీ చదివాను. అవే అక్షరాలు. నలభై ఆరని ఈయనకెలా తెలుసు? అప్పుడు గుర్తొచ్చింది. ఎగరడానికి వారం ముందు మిరపకాయల కాటా మీద నన్ను నిలబెట్టి, "చిక్కినవ్, తింటన్నవా లేదా?" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. అన్నం మాడుతున్న వాసన వస్తున్నా లేవలేకపోయాను.

ఈ ఉదయం ఫొటోకు దండ వేశారు. ముప్పై మంది దాకా వచ్చారు. అత్తయ్య అప్పటికే కళ్లొత్తుకుంటోంది. పక్క పేజీలో బెల్టు కొలతలున్నాయి. అవి చదివేసి కూర్చోవచ్చు, ఎవరికీ తెలియదు.

ఎగిరిన రోజు పేజీయే తీశాను. ఒక్క అక్షరం వదలకుండా చదివాను. అత్తయ్య కొంగు కళ్ల దగ్గరే ఆగిపోయింది.

"చాలు వదినా, ఇంక కూసో," అని మరిది నోటుబుక్కు కోసం చెయ్యి చాపాడు.

నేను కూర్చోలేదు. వెనక ఉన్నవాళ్లకు వినపడలేదేమోనని, గొంతు పెంచి మళ్లీ మొదటినుంచి చదివాను.